హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజిన్‌కు టాపెట్ సెట్టింగా? 3,500 అడుగుతున్నారు

ములుగురోడ్డు_స్విఫ్ట్:
అన్నలూ, నాది సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్, 1.3 డీజిల్. కరీంనగర్‌లో కొన్నాను. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. బండి కాస్త వేడెక్కితే పోతుంది. హన్మకొండలో ఒక షెడ్డులో చూపిస్తే "టాపెట్ సెట్టింగ్ పోయింది, 3,500 అవుతుంది" అన్నారు. మా బావమరిదేమో ఈ ఇంజిన్‌లో ఉండేవి హైడ్రాలిక్ లిఫ్టర్లు, వాటికి సెట్టింగే ఉండదంటాడు. ఎవరి మాట నమ్మాలి? అసలు హైడ్రాలిక్ మంచిదా, మెకానికల్ మంచిదా?

గోదావరిఖని_ఇంజినీర్:
మీ బావమరిది మాటే కరెక్ట్. టాపెట్, లిఫ్టర్ అంటే తిరిగే క్యామ్ వాల్వ్‌ను నొక్కి తెరిచే చోట ఉండే భాగం. మెకానికల్ టాపెట్‌లో కావాలనే కాస్త గ్యాప్ వదులుతారు, వాల్వ్ కాడ వేడికి సాగుతుంది కాబట్టి. చాలా పెట్రోల్ కార్లలో ఆ గ్యాప్ 0.2 మిల్లీమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. ఎగ్జాస్ట్ (పొగ పోయే) వాల్వ్ ఎక్కువ కాలుతుంది, అందుకే దానికి సాధారణంగా ఇంకొంచెం ఎక్కువ ఇస్తారు. నడిచేకొద్దీ ఈ గ్యాప్ మారుతుంది, ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చటి రేకు) పెట్టి మళ్లీ సరిచేయాలి.

హైడ్రాలిక్‌లో ఆ గ్యాప్‌ను ఇంజిన్ ఆయిలే పూడ్చేస్తుంది. లోపల ఒక ప్లంజర్, స్ప్రింగు, చిన్న బాల్ వాల్వ్ ఉంటాయి. క్యామ్ నొక్కనప్పుడు ఆయిల్ లోపలికి వస్తుంది. నొక్కగానే బాల్ మూసుకుంటుంది, ఆయిల్ లోపలే ఇరుక్కుపోయి గట్టిగా నిలబడుతుంది. తిప్పడానికి స్క్రూ లేదు, మార్చడానికి షిమ్ (గ్యాప్ సరిచేసే పల్చటి బిళ్ల) లేదు. లేని సెట్టింగ్‌కు 3,500 ఏమిటి? ఇదేదో నిన్నమొన్న వచ్చిందీ కాదు, 1930 కాడిలాక్ వీ16లోనే ఉంది.

చాయ్_బ్రేక్:
బావమరిది గెలిచాడు. థ్రెడ్ మూసేయండి.

ఫీలర్‌గేజ్:
అప్పుడే మూయకండి. నాది కాజీపేటలో షెడ్డు, అంబాసిడర్ల కాలం నుంచి ఇదే పని. ఇంజినీర్ సార్‌ను ఒక్కటి అడుగుతా. చప్పుడు విన్నారా మీరు? వినకుండానే లిఫ్టర్ అని తేల్చేశారు. ఆ 1.3 ఇంజిన్‌లో టైమింగ్ చైన్ (పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే గొలుసు) ఉంటుంది. చైన్ సాగినా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌కు ఆయిల్ ప్రెషర్ లేటుగా అందినా పొద్దునపూట అచ్చం ఇట్లాగే మోగుతుంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కొట్టుకున్నా మోగుతుంది. ముందు చప్పుడు ఎక్కడిదో తెలియాలి కదా.

ఇంకోటి. హైడ్రాలిక్‌కు సెట్టింగే ఉండదు అనడం తప్పు. పాత అమెరికన్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లలో హైడ్రాలిక్ లిఫ్టరే ఉంటుంది, అయినా రాకర్ (వాల్వ్‌ను నొక్కే మీట) నట్టు బిగించి ప్రీలోడ్ సెట్ చేయాలి. గ్యాప్ పోయేదాకా తిప్పి, ఆ పైన ఇంకొంచెం బిగిస్తారు. దాన్ని సెట్టింగ్ అనరా?

గోదావరిఖని_ఇంజినీర్:
వరంగల్‌లో ఎన్ని అమెరికన్ వీ8లు తిరుగుతున్నాయి సార్? అడిగింది స్విఫ్ట్ గురించి. చప్పుడు సంగతి అంటారా, క్యామ్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు) ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఒక లిఫ్టర్ నిమిషానికి 400 సార్లు కొడుతుంది. చెవి పెట్టి వింటే తెలిసిపోతుంది.

ఫీలర్‌గేజ్:
ఇంజెక్టర్ వంతు కూడా క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే వస్తుంది సార్. అదీ 400. లెక్కతో ఏం తెలిసింది? పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ హెడ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, ఒక్కో చోట వింటూ పోవాలి. మీరు మాత్రం "ఉండదు" అన్నారు, నేను "ఉంటుంది" అని చూపించాను. దానికి జవాబు చెప్పండి.

పరకాల_పోరడు:
వీ8 ఉన్నోళ్లు ఎవరైనా ఉంటే ఫొటో పెట్టండి అన్నా.

పాత_బుల్లెట్:
నా మాట కూడా వినండి. బుల్లెట్‌కు పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్‌లో టాపెట్ చేత్తో సెట్ చేసుకునేవాళ్లం. తర్వాత యూసీఈ (గేర్‌బాక్స్‌తో కలిపి ఒకే ముక్కగా చేసిన) ఇంజిన్ వచ్చి హైడ్రాలిక్ అయింది. 2020లో మీటియర్ 350 వచ్చింది, అందులో మళ్లీ గ్యాప్ సెట్ చేసే పద్ధతే. హైడ్రాలిక్ అంత గొప్పదైతే కంపెనీ వెనక్కి ఎందుకు పోతుంది?

గోదావరిఖని_ఇంజినీర్:
అది బైకు. కార్ల సంగతి చూడండి. పాత ఇన్నోవా డీజిల్‌లో షిమ్‌లు ఉండేవి, క్రిస్టా 2.4 డీజిల్‌కు వచ్చేసరికి హైడ్రాలిక్ అయింది. మరి దాన్నేమంటారు? ఒకరు ఇటు వెళ్తారు, ఒకరు అటు వెళ్తారు. హోండా సిటీ పెట్రోల్‌లో చాలా ఏళ్లు స్క్రూలే. హైడ్రాలిక్‌లో బరువు, ఖర్చు ఎక్కువ, మరీ ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఇబ్బంది పెట్టొచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ మామూలు మనిషికి కావాల్సింది బానెట్ ఎత్తకుండా లక్ష కిలోమీటర్లు తిరగడం.

జగిత్యాల_ట్యాక్సీ:
అందరూ చప్పుడు చప్పుడు అంటున్నారు. నా బాధ చప్పుడు లేకపోవడం. నాది పెట్రోల్ ట్యాక్సీ, మెకానికల్ టాపెట్, బకెట్ టైపు. సీఎన్‌జీ కిట్ వేయించాను. ఇంజిన్ ఎంత సైలెంట్‌గా ఉండేదంటే ప్యాసింజర్లు మెచ్చుకునేవాళ్లు. తర్వాత ఒక సిలిండర్ మిస్ కొట్టడం మొదలైంది, ధర్మపురి ఎత్తు రోడ్డు ఎక్కాలంటే సెకండ్ గేరే దిక్కు. హెడ్ విప్పితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోయి ఉంది. గ్యాస్ మీద నడిస్తే వాల్వ్ సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగుతుందట, అప్పుడు గ్యాప్ పెరగదు, తగ్గుతుంది. గ్యాప్ పోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, మంట ఆ సందులోంచి కొడుతుంది. కిట్ వేసినచోట ఒక్కడు కూడా మధ్యమధ్యలో టాపెట్ చూపించుకో అని చెప్పలేదు.

ఫీలర్‌గేజ్:
తమ్ముడు లక్ష రూపాయల మాట చెప్పాడు. టకటకమనే టాపెట్‌కు భయపడనక్కర్లేదు, గ్యాప్ ఎక్కువైతే పికప్ తగ్గుతుంది, క్యామ్ కొంచెం అరుగుతుంది, అంతే. మోగని టాపెట్‌తోనే భయం. నా దగ్గరికి వచ్చే డ్రైవర్లు "మేస్త్రీ, చప్పుడు రాకుండా టైట్ చెయ్" అంటారు. చేయను అంటే పక్క షెడ్డుకు పోతారు.

గోదావరిఖని_ఇంజినీర్:
చూశారా, ఇదే నేను చెప్పేది. హైడ్రాలిక్ అయితే సీటు అరిగినా లిఫ్టర్ దానంతట అది సర్దుకునేది. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

ఫీలర్‌గేజ్:
ఎంతవరకు సర్దుకుంటుంది? ప్లంజర్ అడుగు తగిలేదాకా. ఆ తర్వాత అదీ వాల్వ్‌ను తెరిచే ఉంచుతుంది. అప్పటిదాకా చూసుకోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

గోదావరిఖని_ఇంజినీర్:
సరే, మీ షెడ్డు గొప్పల ముందు నా సంగతి కూడా వినండి. 2024 మేడారం జాతరకు నా డీజిల్ కారులో వెళ్లాం. తాడ్వాయి దాటాక గంటల తరబడి ఫస్ట్ గేరు, ఆగడం, కదలడం. ఐడిల్‌లో లిఫ్టర్లు మోగడం మొదలైంది. తిరిగొచ్చాక ఒక షెడ్డుకు తీసుకెళ్తే వినీవినగానే "లిఫ్టర్లు పోయాయి, పదహారూ మార్చాలి" అన్నారు. మార్చారు. డబ్బు ముందే కట్టించుకున్నారు. బండి బయటికి తీసి ఎండలో కాసేపు నిలబెడితే అదే చప్పుడు. చివరికి వేరే చోట డిప్ స్టిక్ తీసి వేళ్ల మధ్య రాసి చూశారు, ఆయిల్ నీళ్లలా ఉంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడు కాదు. వేడికి పల్చబడిన ఆయిల్, పైగా ఐడిల్, ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆయిల్, ఫిల్టర్ మారిస్తే చప్పుడు పోయింది. ఆ తప్పు గ్రేడు పోసిందీ మొదట లిఫ్టర్లు మార్చమన్న షెడ్డే. అందుకే సెట్టింగ్ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ముట్టుకునే అవకాశమే లేని ఇంజిన్ కావాలి నాకు.

చాయ్_బ్రేక్:
ఇప్పుడు అసలు విషయం బయటపడింది.

ఫీలర్‌గేజ్:
ఎవరో మిమ్మల్ని ముంచితే మా అందరి మీద పడితే ఎట్లా సార్? మా వైపు కూడా చూడండి. ఒకాయన వస్తాడు, చప్పుడు అంటాడు. నేను చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయించి వింటాను, ఆయిల్ చూస్తాను, ప్రెషర్ గేజ్ తగిలిస్తాను, కవర్ విప్పి ఒక్కో ఫాలోయర్‌ను (క్యామ్ కింద ఉండే ముక్క) వేలితో నొక్కి చూస్తాను. ఒక పూట గడిచిపోతుంది. "అంతా బాగుంది, ఆయిల్ మార్చుకుంటే చాలు" అంటే ఆయన చేతిలో ఒక యాభై పెట్టి, ఆయిల్ ఆన్‌లైన్‌లో తానే కొనుక్కుంటానని పోతాడు. "చూశాను" అని బిల్లు రాస్తే వంద కూడా రాదు. "సెట్టింగ్" అని రాస్తే మాట్లాడకుండా ఇస్తారు. ఆ హన్మకొండాయన 3,500 అడిగింది దేనికో నాకు తెలియదు, కవర్ విప్పి చూసే కూలీ కూడా అందులో ఉండొచ్చు. అంబాసిడర్‌కు టాపెట్ సెట్ చేస్తే ఓనర్ పక్కనే నిలబడి చూసేవాడు, గేజ్ సందులో జారడం ఆయన కంటికి కనబడేది, డబ్బు ఇచ్చేవాడు. హైడ్రాలిక్‌లో కంటికి కనబడే పనే లేదు, అందుకే కూలీ ఇవ్వడానికి చెయ్యి రాదు.

గోదావరిఖని_ఇంజినీర్:
అయితే "చూసినందుకు 800" అని బోర్డు పెట్టండి. ఇస్తాను. చేయని పని పేరు రాసి తీసుకుంటే మాత్రం దాన్ని మోసమే అంటాను, ఎవరు చేసినా.

ఫీలర్‌గేజ్:
బోర్డు పెట్టాను సార్ ఒకప్పుడు, 300 అని. "నాడి పట్టుకోవడానికి ఫీజా, డాక్టరువా" అని నవ్వి పోయారు. తీసేశాను.

పాత_బుల్లెట్:
ఫీలర్‌గేజ్ అన్నా, బుల్లెట్లు చూస్తారా మీరు?

ములుగురోడ్డు_స్విఫ్ట్:
అన్నలూ, మీరు కొట్టుకుంటుంటే నా బండి మధ్యలో నలుగుతోంది. ఈ పొద్దున స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను. పైన కవర్ మీద కంటే పక్కన, చైన్ ఉండే వైపు గట్టిగా వినిపిస్తోంది. ఆయిల్ కూడా తీసి చూశాను, డీజిల్ కాబట్టి నలుపే, కానీ పాత ఓనర్ ఎప్పుడు మార్చాడో రికార్డు లేదు. ఇప్పుడేం చేయమంటారు?

ఫీలర్‌గేజ్:
చెప్పానా లేదా? చైన్. ముందు సరైన గ్రేడు ఆయిల్, మంచి ఫిల్టర్ వేయండి. వారం తిరిగాక కూడా మోగితే చైన్, టెన్షనర్ చూడాలి. దాన్ని మాత్రం వాయిదా వేయకండి, చైన్ తప్పితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఆ 3,500 సెట్టింగ్ చేయించకండి.

గోదావరిఖని_ఇంజినీర్:
అంటే స్విఫ్ట్‌కు సెట్టింగ్ లేదని ఒప్పుకున్నట్టే కదా?

ఫీలర్‌గేజ్:
స్విఫ్ట్‌కు లేదని నేనెప్పుడు కాదన్నాను? వీ8కు ఉందన్నాను. ఇంకా ఉందంటున్నాను.

జగిత్యాల_ట్యాక్సీ:
అన్నా, మీ కాజీపేట షెడ్డు ఎక్కడో చెప్పండి. బండి తెస్తా, గ్యాప్ చూడండి. చూసినందుకు 300 ఇస్తా.

పరకాల_పోరడు:
ములుగు రోడ్డు అన్నా, స్విఫ్ట్ అమ్మే ఆలోచన ఉంటే మెసేజ్ పెట్టండి. చప్పుడుతో సహా తీసుకుంటా, రేటు మాత్రం చూసి చెప్పండి.