వెనుక నుంచి గుద్దిన వ్యాను యజమాని రాజీ కాగితం అడుగుతున్నారు: సంతకం చేయవచ్చునా?

మధురవాడ నివాసి:

సభ్యులందరికీ నమస్కారం. మన విశాఖపట్నంలో మధురవాడ నుంచి మద్దిలపాలెం వైపు వస్తూ హనుమంతవాక కూడలిలో ఎర్రదీపం పడగా కారు ఆపి ఉన్నాను. వెనుక వస్తున్న సరుకుల వ్యాను వేగం అదుపు కాక నా కారును గుద్దింది. వెనుక బంపరు పగిలింది, డిక్కీ తలుపు లోపలికి నొక్కుకుపోయి గడియ పడటం లేదు. వెనుక సీట్లో కూర్చున్న మా అమ్మగారికి అప్పటికేమీ అనిపించలేదు కాని, మరునాటి నుంచి మెడ పట్టేసినట్టు ఉందంటున్నారు.

రెండు బండ్లూ కదలకముందే నంబరు ప్లేట్లు కనిపించేటట్టు ఫోటోలు తీశాను. వ్యానుకు ఇన్సూరెన్సు అమలులో ఉన్నట్టు ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో చూశాను. వ్యాను యజమాని ఫోనులో మర్యాదగానే మాట్లాడారు. రూ. 15,000 ఇస్తానని, అందుకు బదులుగా "ఈ ప్రమాదం విషయంలో ఇకపై ఎవరిమీదా ఎటువంటి క్లెయిమూ చేయను" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమని అడుగుతున్నారు. సర్వీసు సెంటరువారు వేసిన అంచనా రూ. 48,000: బంపరు 9,000, డిక్కీ తలుపు 18,000, పెయింటింగు 12,000, కూలి 9,000.

కారు కొని మూడేళ్లు దాటింది, నాలుగు నిండలేదు. ఇంజను 1,200 సీసీ. పాలసీ కాంప్రహెన్సివ్ (సొంత బండి నష్టానికీ, ఇతరుల నష్టానికీ కలిపి), జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు రక్షణ) లేదు, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 35 శాతం ఉంది. తప్పు పూర్తిగా అవతలివారిదైనప్పుడు నా బోనస్ ఎందుకు పోగొట్టుకోవాలన్నది నా బాధ. వారి ఇన్సూరెన్సు మీద వెళ్లడమా, నా పాలసీ వాడుకోవడమా, లేక ఆ పదిహేను వేలు పుచ్చుకుని ఊరుకోవడమా? తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత సర్వేయరు:

అయ్యా, ఆ కాగితం మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టకండి. మీ కంపెనీ మీకు నష్టపరిహారం చెల్లించిన తరువాత, ఆ సొమ్మును తప్పు చేసినవారి నుంచి మీ పేరు మీద రాబట్టుకునే హక్కు దానికి వస్తుంది. మీరు ముందుగానే "ఎవరిమీదా క్లెయిమ్ చేయను" అని రాసి ఇస్తే ఆ హక్కును మీ చేత్తో మీరే తుడిచేసినట్టవుతుంది, అప్పుడు మీ క్లెయిమ్‌కే కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. అంటే పదిహేను వేలకు ఆశపడి ముప్పై ఆరు వేలు వదులుకునే ప్రమాదం ఉంది. ఆ ముప్పై ఆరు వేల లెక్క కింద చెబుతాను.

గుద్దినవాడి ఇన్సూరెన్సే కట్టాలని అందరూ అంటారు, న్యాయంగా అది నిజమే. అయితే థర్డ్ పార్టీ పాలసీ (తన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి ఉండే బీమా) నుంచి బండి మరమ్మతు ఖర్చు రాబట్టడమంటే ఆ కంపెనీ కౌంటరులో దరఖాస్తు ఇచ్చి చెక్కు తెచ్చుకోవడం కాదు. మోటారు వాహనాల చట్టం, 1988 కింద ఏర్పడిన క్లెయిముల ట్రిబ్యునల్‌లో, అంటే మన జిల్లా కోర్టులో, పిటిషన్ వేయాలి. ఆస్తి నష్టానికి ఆ పాలసీలో సాధారణంగా రూ. 7.5 లక్షల పరిమితి ఉంటుంది కాబట్టి మీ మొత్తానికి ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా కాలంతోనే. తీర్పు వచ్చేదాకా డిక్కీకి తాడు కట్టుకుని తిరగలేరు కదా.

ఇక మీ పాలసీ సంగతి. బంపరు ప్లాస్టిక్ కాబట్టి దానిమీద తరుగుదల (వాడకం వల్ల తగ్గిన విలువకు కంపెనీ వేసే కోత) 50 శాతం, అంటే 4,500. మూడు నుంచి నాలుగేళ్ల మధ్య వయసున్న కారు లోహపు భాగాలకు తరుగుదల 25 శాతం, కాబట్టి తలుపు మీద మరో 4,500. పెయింటింగు బిల్లు విడదీయకుండా ఇస్తే అందులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి, దానిలో సగం కోస్తారు, అది 1,500. 1,500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు (క్లెయిమ్‌లో యజమానే భరించవలసిన మొత్తం) 1,000. కూలిలో కోత లేదు. మొత్తం మీ జేబు నుంచి పోయేది 11,500, కంపెనీ ఇచ్చేది 36,500. వెనుక అద్దం కూడా పగిలి ఉంటే అద్దానికి తరుగుదల ఉండదు.

బోనస్ విషయంలో మీ బాధ సహజమే కాని, ఒకసారి కాగితం మీద లెక్క వేయండి. బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియంకే (సొంత బండి నష్టానికి కట్టే భాగానికే) వర్తిస్తుంది, థర్డ్ పార్టీ ప్రీమియంకు దానితో సంబంధం లేదు. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ తీయకముందు 6,000 అనుకుందాం. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడాది 45 శాతం, ఆ తరువాత 50 శాతం దగ్గర నిలుస్తుంది. క్లెయిమ్ చేస్తే సున్నా నుంచి మొదలై 20, 25, 35, 45 అంటూ మళ్లీ మెట్లెక్కాలి. అయిదేళ్లలో ఆ తేడాలన్నీ కలిపితే 120 శాతం, అంటే 7,200, దానిమీద జీఎస్టీ. కారు విలువ తగ్గేకొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కనుక నిజానికి ఇంకా తక్కువే. 36,500 కోసం ఏడెనిమిది వేలు వదులుకోవడం నష్టం కాదు. అదే మరమ్మతు పదివేల లోపు ఉంటే మాత్రం క్లెయిమ్ వద్దనే చెప్పేవాణ్ణి.

కంపెనీకి వెంటనే తెలియజేయండి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నష్టం అంచనా వేయడానికి నియమించిన సర్వేయరు పదిహేను రోజులలో నివేదిక ఇవ్వాలి, అది అందిన ఏడు రోజులలో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఆలస్యమైతే ఈ గడువులను ప్రస్తావిస్తూ ఈమెయిల్ పెట్టండి, ఫోనులో వాదించి ప్రయోజనం లేదు.

ఆటోనగర్ బాడీ షెడ్డు:

పెద్దాయన డబ్బు లెక్క చెప్పారు, నేను రేకు లెక్క చెబుతాను. వెనుక నుంచి తగిలిన దెబ్బకు బయటినుంచి చూసి వేసిన అంచనా ఎప్పుడూ పూర్తిది కాదు. బంపరు వెనుక అడ్డంగా ఒక ఇనుప పట్టీ ఉంటుంది, దాని వెనుక ప్యానెల్, దాని కింద స్టెప్నీ పెట్టే గొయ్యి. ప్లాస్టిక్ బంపరు దెబ్బ తిన్నాక మళ్లీ వెనక్కి సాగి బాగానే కనిపిస్తుంది, లోపలి పట్టీ మాత్రం వంగే ఉంటుంది. మీ డిక్కీకి గడియ పడటం లేదంటే దెబ్బ తలుపుతో ఆగలేదని నా అనుమానం. తలుపు మార్చి ప్యానెల్ సరిచేయకపోతే కొత్త తలుపు కూడా కుదురుగా కూర్చోదు, మొదటి వానకే డిక్కీలోకి నీరు దిగుతుంది.

అందుచేత సర్వేయరు చూడకముందు ఏమీ విప్పించకండి. ఆయన చూశాక, విప్పినప్పుడు కొత్త నష్టం బయటపడితే పని అక్కడే ఆపించి, ఫోటోలు తీయించి, అదనపు అంచనా పంపించి మళ్లీ ఆమోదం తీసుకోవాలి. ఆమోదం లేకుండా చేసిన పనికి డబ్బు రాదు. తీసేసిన పాత భాగాలు కూడా బిల్లు తేలేదాకా షెడ్డులోనే ఉండాలి, పని అయ్యాక సర్వేయరు మరోసారి చూడవచ్చు.

రంగు విషయంలో ఒక మాట. మన ఊరి ఉప్పు గాలికి రంగు లేచిన రేకు ఎంతో కాలం ఆగదు, ముఖ్యంగా బీచ్ రోడ్డు పక్క నిలిపే బండ్లకు. క్లెయిమ్ తేలేదాకా బండి ఆరుబయట పెట్టకండి, తప్పనిసరైతే బయటపడిన రేకు మీద ప్రైమరు కొట్టించండి, కాని ఫోటోలు తీశాకే. మీది మెటాలిక్ రంగయితే కొత్త తలుపు పక్క ప్యానెల్‌తో కలవడానికి ఆ ప్యానెల్ మీద కూడా కొంత రంగు పరచాలి. అది అంచనాలో రాసి ఉన్నదో లేదో చూసుకోండి. రాయకపోతే చివరలో మీ దగ్గరే వసూలు చేస్తారు.

సీఎన్‌జీ బండి అయితే సిలిండరు డిక్కీలోనే ఉంటుంది కాబట్టి, దాని బిగింపులు, వాల్వు, గొట్టాలు అధీకృత కేంద్రంలో పరీక్ష చేయించేదాకా గ్యాసు మీద నడపకండి. ఈ ఒక్క విషయంలో మా షెడ్డులాంటి వాళ్ల మాట కూడా నమ్మవద్దు.

సీతమ్మధార:

నా అభిప్రాయం వేరు. చేతికొచ్చే పదిహేను వేలను ఇరవై అయిదు వేలకు బేరమాడి, బయట షెడ్డులో తలుపు మార్చకుండా సరిచేయించుకుంటే పని అయిపోతుంది. సర్వేయరు, ఆమోదం, అదనపు అంచనా అంటూ ఈ తతంగమంతా ఉద్యోగం చేసుకునేవారికి కుదిరే పనేనా?

జిల్లా కోర్టు న్యాయవాది:

సీతమ్మధార గారు చెప్పిన పద్ధతి ఒట్టి బంపరు గీతలకు సరిపోతుంది. ఇక్కడ ఒక మనిషికి మెడ నొప్పి ఉంది, ఆ విషయం ఇంతవరకు ఎవరూ పట్టించుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

ముందుగా మీ అమ్మగారిని వైద్యుడికి చూపించి, ప్రమాదం వల్ల వచ్చిన నొప్పి అని చీటీలో రాయించండి. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) చూపిస్తే మెడికో లీగల్ నమోదు (కోర్టుకు పనికొచ్చే గాయం నమోదు) కూడా జరుగుతుంది. శరీరానికి తగిలిన గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో ఆస్తి నష్టానికి ఉన్నట్టు గరిష్ఠ పరిమితి లేదు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. నొప్పి రెండు రోజుల్లో తగ్గిపోతే సంతోషమే. తగ్గకపోతే ఫిర్యాదు లేకుండా ఆ పిటిషన్ నిలబెట్టడం కష్టం, కనుక స్టేషన్‌లో ఇప్పుడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. నిర్లక్ష్యంగా బండి నడపడం భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కిందకు వస్తుంది. "ఎటువంటి క్లెయిమూ చేయను" అన్న మీ సంతకం మీ అమ్మగారి హక్కును తీసివేయలేదు కాని, రేపు కోర్టులో అవతలి న్యాయవాది మొదట చూపించే కాగితం అదే అవుతుంది.

రెండవ కాగితం మీ సొంత కంపెనీదే. డబ్బు ఇచ్చేటప్పుడు డిశ్చార్జి వోచరు మీద సంతకం తీసుకుంటారు. అందులో "పూర్తి, తుది పరిష్కారం" అని ఉంటే, పాలసీ చెల్లించని 11,500 కోసం మీరు తరువాత వ్యాను యజమాని మీద వెళ్లినప్పుడు ఆ మాటలనే అడ్డు పెడతారు. పాలసీ ప్రకారం రావలసిన మొత్తం మాత్రమే అందిందని, మిగిలిన నష్టాన్ని బాధ్యుల నుంచి కోరే హక్కు నిలిచి ఉందని రాసి సంతకం పెట్టండి. ఒకే రూపాయిని రెండు చోట్ల అడగడానికి మాత్రం ఏ ట్రిబ్యునలూ ఒప్పుకోదు.

యజమాని మర్యాదస్థుడని మీరే అంటున్నారు కనుక నా సలహా ఇది. మీ కంపెనీకి ముందు ఈమెయిల్ ద్వారా తెలియజేసి, అభ్యంతరం లేదని జవాబు వచ్చాక, తరుగుదల, మినహాయింపు, బోనస్ నష్టం కలిపి సుమారు 18,700 ఆయన దగ్గర అడగండి. ఇచ్చే రసీదులో "పాలసీ పరిధిలోకి రాని మరమ్మతు ఖర్చుకు మాత్రమే" అని, ఇన్సూరెన్సు కంపెనీ హక్కులకు గాని ప్రయాణికురాలి వైద్యానికి గాని సంబంధం లేదని స్పష్టంగా రాయండి. ట్రిబ్యునల్‌కు వెళితే బోనస్ నష్టం కూడా ఇప్పిస్తారని నేను హామీ ఇవ్వలేను, కాబట్టి ఆ భాగాన్ని మాటలతో తెచ్చుకోవడమే మంచిది.

మధురవాడ నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. అమ్మగారిని చూపించాము, ఎముకకు దెబ్బ లేదన్నారు, మెడకు పట్టీ రాశారు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. ఆటోనగర్ గారు అనుమానించినట్టే బంపరు వెనుక పట్టీ వంగి ఉంది, దానికి అదనపు అంచనా పంపారు. యజమానికి రసీదు నమూనా పంపితే తన ఏజెంటును అడిగి చెబుతానన్నారు. ఆయన కాదంటే వారి ఇన్సూరెన్సు కంపెనీ మీద బీమా తగాదాలు వినే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చునా?

విశ్రాంత సర్వేయరు:

చేయలేరు. అంబుడ్స్‌మన్ మీకూ మీ కంపెనీకీ మధ్య తగాదానే వింటారు, వ్యాను కంపెనీతో మీకు ఒప్పందం లేదు కాబట్టి ఆ దారి ట్రిబ్యునల్ ఒక్కటే. మీ కంపెనీయే అదనపు అంచనాను అన్యాయంగా కోస్తే మాత్రం ముందు దానికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని అంబుడ్స్‌మన్ కార్యాలయానికి రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోనే ఉంది, రుసుము లేదు. కొత్త పట్టీ లోహమే కాబట్టి దానిమీద కోత కూడా 25 శాతమే, యజమానిని అడిగే మొత్తంలో ఆ భాగాన్ని కలపండి.