బండి హోల్డర్ వల్లే ఫోన్ కెమెరా మసకబారుతుందా, లేక షాపువాడి కథా?

సుంకి_ఘాటీ:
నాది మందుల ఏజెన్సీ పని. ఒడిశాలోని జైపూర్ నుంచి కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా సాలూరు దాకా వారానికి రెండుసార్లు బండి మీదే తిరుగుతాను. మెడికల్ షాపుల వాళ్లు చీటీ మీద ఆర్డర్ రాసిస్తే ఫోటో తీసి గోడౌన్‌కి వాట్సాప్ చేస్తాను. నెల రోజులుగా ఆ ఫోటోలు మసకగా వస్తున్నాయి. మొన్న చీటీలో 3 స్ట్రిప్పులని ఉంటే గోడౌన్‌లో 8 అని చదువుకుని పంపేశారు, మిగిలిన అయిదూ నా నెత్తిన పడ్డాయి. ఓ షాపులో చూపిస్తే వాడు తుడవలేదు, విప్పలేదు, బయట బండికి ఉన్న హోల్డర్ వైపు చూసి "భాయినా, నీ బైకే కెమెరాని తినేసింది, మార్చాలి, 4,200 అవుతుంది" అన్నాడు. బండి అదిరితే కెమెరా పోతుందా? డబ్బు లాగడానికి చెప్పిన కథ అనిపిస్తోంది నాకైతే.

రాయగడ_డెలివరీ:
కథే అన్నా. నాలుగేళ్లుగా పార్సిళ్లు వేస్తున్నాను, పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్ హోల్డర్‌లోనే, మా రోడ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. తొమ్మిది వేల ఫోన్ నాది. కెమెరా భేషుగ్గా ఉంది. లెన్స్ మీద కాస్త టూత్‌పేస్ట్ రాసి రుద్ది చూడు.

టంకం_పొగ:
టూత్‌పేస్ట్ జోలికి పోవద్దు, పైన పూత గీసుకుపోతుంది, అప్పుడు నిజంగానే నా దగ్గరికి రావాలి. మెత్తటి పొడిగుడ్డ చాలు.

నేను మరమ్మతులే చేస్తాను కాబట్టి షాపువాళ్ల పక్షం అనుకుంటారేమో, అనుకోండి. తొమ్మిది వేల ఫోన్ అన్నావు కదా తమ్ముడూ, అందులో ఓఐఎస్ (చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా లెన్స్‌ని సర్దే ఏర్పాటు) ఉండి ఉండదు. అందుకే నీకేం కాలేదు. ఓఐఎస్ ఉన్న ఫోన్లో లెన్స్ గట్టిగా బిగించి ఉండదు, సన్నటి ఆధారం మీద ఊగుతూ ఉంటుంది. చెయ్యి వణికిందని గైరోస్కోప్ కనిపెడితే, కాయిలూ అయస్కాంతమూ కలిసి లెన్స్‌ని ఎదురు దిక్కుకి జరుపుతాయి. చేతి వణుకు కోసం చేసిన ఆ ఏర్పాటుని రోజుకి మూడు గంటలు ఇంజిన్ అదురుకి వదిలేస్తే ఏమవుతుంది? ఇది నా సొంత కవిత్వం కాదు, 2021 సెప్టెంబర్‌లో యాపిల్ వాళ్లే చెప్పారు, పెద్ద ఇంజిన్ బైకుల హ్యాండిల్‌కి ఫోన్ బిగించొద్దు, ఓఐఎస్, ఆటోఫోకస్ రెండూ దెబ్బతినొచ్చు అని.

గుణుపురం_గాలి:
వాళ్లు చెప్పింది పెద్ద ఇంజిన్ల గురించి, మనవి 100 సీసీ, 125 సీసీ బళ్లు. ఆ మాట కూడా చెప్పండి గురూ.

టంకం_పొగ:
చెప్తాను. స్కూటర్లకీ చిన్న బళ్లకీ అదురు తక్కువే, అయినా అదురు తగ్గించే హోల్డర్ వాడమనీ, రోజూ ఎక్కువసేపు పెట్టొద్దనీ అదే చోట రాశారు. పైగా ఈయన వెళ్లేది సుంకి ఘాటీ కొండదారిలో, మలుపు మలుపుకీ గేరు తగ్గించి ఇంజిన్‌ని అరిపిస్తూ.

సెమిలిగుడ_చలి:
మంచు పట్టిందేమో కూడా చూసుకోండి. దేవ్‌మాలి మీదికి (1,672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన కొండ లేదు) తెల్లవారుజామున వెళ్లొచ్చాక నా ఫోన్ లెన్స్ లోపల ఆవిరి పట్టేసింది. బియ్యంలో పెట్టమన్నారు, పెడితే ఛార్జింగ్ కన్నంలో తవుడు చేరింది. అదొక తలనొప్పి.

పర్లాకిమిడి_స్టూడియో:
ముప్పయ్యేళ్లుగా ఫోటోలు తీస్తున్నవాణ్ణి, ఒక్క మాట. ఫోటో చెడితే ముందు మనిషిని చూడాలి, తర్వాత వెలుతురుని, ఆఖరికి కెమెరాని. నువ్వు చీటీ ఎక్కడ తీస్తావు బాబూ? షాపు లోపల ట్యూబ్‌లైట్ కింద, కౌంటర్ మీద వంగి, నీ నీడ కాగితం మీద పడుతుండగా. వెలుతురు చాలకపోతే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, ఆ కాస్తలో చెయ్యి కదిలితే అక్షరం పక్కన అక్షరం నీడ పడుతుంది. ఇంకో సంగతి, ఇప్పటి ఫోన్లలో పెద్ద సెన్సర్లు పెడుతున్నారు, వాటికి మరీ దగ్గర్లో ఫోకస్ పట్టదు. కాగితానికి జానెడు దూరంలో ఫోన్ పెట్టి మసక మసక అంటే ఎలా? అడుగు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టి తీసి చూడు.

రాయగడ_డెలివరీ:
పెద్దాయన చెప్పింది కరెక్ట్. ఫోన్‌ని ఊపి చూడండి, లోపల గలగలమంటే పోయినట్టు, లేకపోతే లేదు.

టంకం_పొగ:
అది అసలు పరీక్షే కాదు. ఓఐఎస్ ఉంటే కొత్త ఫోన్ కూడా టకటకమంటుంది, కెమెరా ఆన్ చేస్తే తగ్గుతుంది. ఇలా చెయ్యండి. ఫోన్‌ని గోడకి ఆనించి కెమెరా తెరిచి చూడండి. ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ జెల్లీలా వణుకుతూ, చెవి దగ్గర పెడితే జుయ్‌మని వినిపిస్తే ఓఐఎస్ గోలే. తర్వాత 0.6 లెన్స్‌కి (ఎక్కువ వెడల్పు చూపించేది) మార్చండి. అది స్పష్టంగా ఉండి మామూలు లెన్స్ ఒక్కటే మసకగా ఉంటే యాప్ తప్పు కాదు. లెన్స్ మీద అద్దం స్టిక్కర్ ఉంటే పీకెయ్యండి. ఇంతకీ మీ హోల్డర్ బిగించేదా, అయస్కాంతందా?

సుంకి_ఘాటీ:
అయస్కాంతందే. కవర్ వెనక రింగు అతికించాను.

టంకం_పొగ:
అయ్యో! అది ముందే చెప్పాల్సింది. కెమెరా లోపల పని చేసేది అయస్కాంతాలే అంటుంటే పక్కనే ఇంకోటి తెచ్చి పెట్టారు. కవర్ తీసేసి చూడండి.

సుంకి_ఘాటీ:
నిన్న రాత్రి అన్నీ చేశాను. గోడకి ఆనిస్తే బొమ్మ వణికింది, తుమ్మెద ఉన్నట్టు చప్పుడు. 0.6లో శుభ్రంగా ఉంది. కవర్ తీయగానే చప్పుడు ఆగిపోయింది! మా ఆవిడని పిలిచి మరీ వినిపించాను. అయితే పొద్దున్న ఎండలో దూరంగా ఉన్న బోర్డు తీస్తే రెండుసార్లు బాగానే వచ్చింది, మూడోసారి ఫోకస్ జారిపోయింది.

రాయగడ_డెలివరీ:
చూశారా, బండి కాదు, రింగు. 4,200 మిగిలాయి, పార్టీ ఎప్పుడు?

టంకం_పొగ:
రింగు తీశాక కూడా జారుతోందంటే లోపల కొంత అరిగిందనే నా లెక్క. మీరు నవ్వుకోండి, మళ్లీ ఘాటీ ఎక్కితే తెలుస్తుంది.

గుణుపురం_గాలి:
అరిగిందో లేదో విప్పకుండా ఆ షాపువాడూ చెప్పాడు, చూడకుండా మీరూ చెప్తున్నారు. తేడా ఏముంది?

టంకం_పొగ:
నేను డబ్బు అడగలేదు కదా.

సుంకి_ఘాటీ:
ప్రస్తుతానికి కెమెరా మార్చట్లేదు. హోల్డర్ ఊడదీసి డిక్కీలో పడేశాను, ఫోన్ జేబులోనే. ఇవాళ పొట్టంగిలో చీటీని గుమ్మం దగ్గరికి తెచ్చి, అడుగు దూరం నుంచి 2ఎక్స్‌లో తీశాను. కాగితం మడతలు కూడా కనిపిస్తున్నాయి. అయినా గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది, "అది 3 ఆ, 8 ఆ" అని. ఆ షాపాయన రాతే అంత.