గని పారేసిన రబ్బరు మీద చెక్కితే అది నేల బొమ్మేనా?

బొగ్గుగీత:
ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో యిర్కలా అనే ఊరుంది. అక్కడి యోల్ంగు ఆదివాసీ చిత్రకారులది ఒకటే కట్టుబాటు: నేలను గీయాలంటే నేల ఇచ్చినదాంతోనే గీయాలి. వానాకాలంలో యూకలిప్టస్ బెరడు ఒలిచి, మంట మీద కాచి, చదును చేస్తారు. రంగురాళ్లు అరగదీస్తారు. కుంచె తలవెంట్రుకలతో కట్టినది. అలాంటి చోట గునిబి గనంబర్ అనే చిత్రకారుడు గని పారేసిన కన్వేయర్ బెల్ట్ రబ్బరు మీదా, అల్యూమినియం రేకు మీదా వంశపు నమూనాలు, అంటే తమ వంశం నేలనూ నీళ్లనూ చూపే గీతలు, చెక్కుతున్నాడు. 2018లో జాతీయ ఆదివాసీ కళా పురస్కారాల్లో పెద్ద బహుమతి అలాంటి రేకుకే దక్కింది. నా దృష్టిలో ఇది కట్టుబాటుకు గండి కొట్టడమే.

తుమ్మజిగురు:
గండి ఏముందండీ? ఆ నేల మీద పడున్నదీ ఆ నేలదే అన్న వాదనకు ఊరి పెద్దలే ఒప్పుకున్నారు. మనమెవరం కాదనడానికి? పైగా రాతిరంగు బెరడుకు పట్టడానికి ఒకప్పుడు ఆర్కిడ్ రసం వాడేవారు, ఇప్పుడు వడ్రంగి వాడే తెల్ల జిగురు. మన ఫెవికాల్ లాంటిదే. దాని మీద ఒక్కరూ పేచీ పెట్టరు!

బొగ్గుగీత:
జిగురు కంటికి ఆనదు, రేకు ఆనుతుంది. పడున్నదల్లా నేలే అయితే రేపు కూల్‌డ్రింక్ సీసా కూడా నేలే.

మెల్‌బోర్న్_మావయ్య:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. 1963లో ప్రభుత్వం బాక్సైట్ గని కోసం వీళ్ల భూమిని విడగొట్టింది. వీళ్లు టైపు చేసిన అర్జీని బెరడుకు అంటించి, చుట్టూ తమ నమూనాలు గీసి పార్లమెంటుకు పంపారు. మా భూమికి దస్తావేజు ఇదీ అని. అయినా గని ఆగలేదు. ఇప్పుడు ఆ గని పారేసిన బెల్టు మీదే వంశపు నీళ్ల నమూనా చెక్కుతుంటే, తీసుకుపోయినవాడి సామాను మీద మళ్లీ తమ హక్కు రాసుకుంటున్నట్టు. ఇదే బొమ్మ బెరడు మీద గీస్తే ఈ మాట రాదు. అల్యూమినియం వచ్చేదీ బాక్సైట్‌లోంచే కదా, బొగ్గుగీత గారూ.

తుమ్మజిగురు:
భలే చెప్పారు మావయ్యా. యిర్కలా చిత్రకారిణి నోంగిర్‌ంగా మరవిలి గారి గులాబీ రంగు కూడా చూడండి. అది పారేసిన ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ల సిరా. ఆవిడ గీసిన మెరుపులకు ఆ వెలుగు ఏ రాయీ ఇవ్వదు.

బొగ్గుగీత:
రబ్బరు వరకు సరే, ఒప్పుకుంటా. రేకు మాత్రం వాళ్ల మట్టిలోంచే వచ్చిందని ఎవరు చెప్పారు? ఆ గని కథ తెలియకుండా కొనేవాడికి అది గోడ మీద మెరిసే వస్తువే.

తుమ్మజిగురు:
బెరడు బొమ్మ కొనేవాడికి మాత్రం ఏ గీత ఏ వంశపు నీళ్లదో తెలుసా?