పాలకొల్లు మెయిన్ రోడ్డులో ఖాళీ షట్టర్లు: నెల లెక్కన ఇస్తే ఎవరికి నష్టం?

లేసు అక్క:
నిన్న మెయిన్ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ "అద్దెకు ఇవ్వబడును" బోర్డులు లెక్కపెట్టాను. పదకొండు. ఒకదాని మీద ఫోన్ నంబరు ఎండకి వెలిసిపోయింది. నేను నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు అల్లిన లేసు అమ్ముతాను. 2024లో దానికి జిఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకే అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది కానీ, చేత్తో పట్టుకుని చూస్తే తప్ప మెషీన్ అల్లికకీ దీనికీ తేడా తెలియదు. ఫోన్లో ఫొటో పెడితే చాలదు. అలాగని ఏడాది పొడుగునా షాపు అక్కర్లేదు. ధనుర్మాసం నుంచి సంక్రాంతి వెళ్లేదాకా, మళ్లీ పెళ్లిళ్ల సీజన్లో చాలు. అడిగితే నెలకి 15 వేలు, పది నెలల అడ్వాన్సు అన్నారు. లక్షన్నర అక్కడ పెట్టేస్తే సరుకు దేంతో కొనను? ఊరికే మూసి ఉంచే బదులు నెల లెక్కన ఇవ్వచ్చు కదండీ?

షట్టర్ బాబాయ్:
అమ్మాయ్, నావే రెండు ఖాళీ. ఓనర్లకి పొగరని అందరూ అంటారు గానీ మా బాధ కూడా వినాలి. నెల రోజులకని తీసుకున్న ఒకాయన సరుకు లోపల పెట్టి తాళం వేసుకుపోయాడు. ఏడు నెలలు తిరిగాను. అడ్వాన్సు అడిగేది అందుకే, వడ్డీ కోసం కాదు (సరే, కొంత అందుకు కూడా). పైగా నీకు 6 వేలకి ఇస్తే, పక్కన 12 ఏళ్లుగా 15 వేలు కడుతున్నాయన రేపు పొద్దున్నే నా గుమ్మంలో ఉంటాడు.

కాకినాడ ఆడిటర్:
అందరూ 11 నెలల అగ్రిమెంటే ఎందుకు రాస్తారంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజే రిజిస్టర్ చేయించి తీరాలని ఉంది. కానీ మన ఆంధ్రలో 1999 సవరణ తర్వాత లీజు ఎన్ని నెలలకైనా రిజిస్టర్ చేయించాల్సిందే. రెండు మూడు నెలలకైతే లీవ్ అండ్ లైసెన్స్ రాసుకోండి. షాపు ఓనరు స్వాధీనంలోనే ఉంటుంది, ఆవిడకి వాడుకునే అనుమతి మాత్రమే. అయితే కాగితం పేరు మారిస్తే సరిపోదు. గొడవ కోర్టుకెక్కితే అసలు స్వాధీనం ఎవరిదో చూస్తారు. బాబాయ్ గారూ, తాళం మీ దగ్గరా ఉండాలి.

పెసరట్టు బండి, తణుకు:
మేం షట్టరే పంచుకున్నామండి. పొద్దున పదింటి దాకా నా టిఫిన్లు, తర్వాత సెల్ రిపేరు కుర్రాడు. అద్దె 9 వేలు, నాది 4, అతనిది 5. మొదట్లో రోజూ గొడవే. నూనె జిడ్డుకి అతని అద్దాల బల్ల మసకబారిపోయేది, కరెంటు బిల్లు నువ్వెక్కువంటే నువ్వెక్కువ. సబ్ మీటరు పెట్టించాక సగం టెన్షన్ పోయింది. జిడ్డు మాత్రం ఇప్పటికీ ఉంది. అక్కా, లేసు పక్కన మాత్రం టిఫిన్ వాణ్ని పెట్టుకోకండి.

పాత బట్టల షాపు:
ఆ 15 వేలు కట్టేది నాలాంటివాళ్లే. 2025లో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి వెళ్లినప్పుడు రొయ్యల రైతులు షాపు గుమ్మం ఎక్కడం మానేశారు. అద్దె మాత్రం రూపాయి తగ్గలేదు. ఆషాఢంలో ఈగలు తోలుకుంటూ షాపు తెరిచి, రోడ్డుని బతికించేది మేము. మీరు పండగ నెలకి వచ్చి మీగడ తిని పోతారా?

లేసు అక్క:
అన్నయ్య గారూ, ఆ మాట నిజమే. అయితే ఇలా చేద్దాం. ధనుర్మాసం నెలకి మీరు కట్టే 15 వేలే నేనూ కడతాను. ఆషాఢంలో కూడా తీసుకుంటాను, అప్పుడు 5 వేలు. అమ్మకంలో శాతం అన్నా సరే.

షట్టర్ బాబాయ్:
శాతమంటే గల్లాపెట్టె పక్కన నేను కూర్చోవాలా? వద్దమ్మా. 15, 5 లెక్కే బాగుంది. ఒక నెల అడ్వాన్సు చాలు. షట్టరు తాళాలు ఇద్దరి దగ్గరా, లోపలి బీరువా తాళం నీ దగ్గర. సున్నం మాత్రం నేను వేయించను. ఆ వెలిసిపోయిన నంబరు నాదే, రాయిస్తాను.

పాత బట్టల షాపు:
ఆవిడకి ఆషాఢంలో 5 అయితే నాకెంత? ముందు అది చెప్పండి బాబాయ్ గారూ.