తరగతి గదుల్లో కార్బన్ తగ్గించే ప్రాజెక్టు: మీటరు ఒక్కటే ఉంటే లెక్క ఎలా కట్టాలి? (తిరుపతి)

సందేహం – హైస్కూల్ సైన్స్ టీచర్, తిరుపతి

అందరికీ నమస్కారం. మా ఎకో క్లబ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు ఈ ఏడాది నాలుగు తరగతి గదుల్లో కరెంటు వాడకం తగ్గించి, దానివల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్ తగ్గిందో లెక్కతో సహా చూపించాలనుకుంటున్నారు. ఒక్కో గదిలో నాలుగు సీలింగ్ ఫ్యాన్లు, నాలుగు పాత ట్యూబ్‌లైట్లు ఉన్నాయి. బడి మొత్తానికి మీటరు ఒక్కటే. గదివారీగా కొలిచే దారి ఉందా? డబ్బు తక్కువ కాబట్టి ఏది ముందు మార్చాలి? పిల్లలు చేయగలిగినవి ఏవి, ఎలక్ట్రీషియన్‌కు వదలాల్సినవి ఏవి?

జవాబు – ఫిజిక్స్ లెక్చరర్, చిత్తూరు

మేడమ్, ఒక్క మీటరుతోనే గదివారీగా కొలవచ్చు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఆగి ఆగి వెలుగుతుంటుంది. దాని దగ్గరే 3200 అనో, 1600 అనో ఒక సంఖ్య అచ్చు వేసి ఉంటుంది. 3200 ఉంటే ఆ లైటు 3200 సార్లు వెలిగేసరికి ఒక యూనిట్ (1000 వాట్లు గంటసేపు వాడినంత కరెంటు) ఖర్చయినట్టు. త్రీ ఫేజ్ మీటరుకు ఈ సంఖ్య వేరేగా ఉంటుంది. పక్క బడి వాళ్లది చూసి రాసుకోకుండా మీ మీటరు మీద ఉన్నదే తీసుకోండి.

బడి వదిలాక ఆఫీసు వాళ్ల అనుమతితో అన్నీ ఆపించి ఒక్క గదిలో నాలుగు ఫ్యాన్లు మాత్రమే వేయించండి. ఒకరు టైము చూస్తుంటే ఇంకొకరు లైటు లెక్కపెట్టాలి. సూత్రం ఇది:

వాట్లు = నిమిషానికి వెలిగిన సార్లు × 60,000 ÷ మీటరు మీది సంఖ్య

నాలుగు ఫ్యాన్లు కలిపి 300 వాట్లు తీసుకుంటుంటే, 3200 మీటరు మీద నిమిషానికి 16 సార్లు వెలుగుతుంది. ఒక్క ఫ్యానే తిరుగుతుంటే (75 వాట్లు) నిమిషానికి 4 సార్లే. పిల్లల లెక్క తప్పేది ఇక్కడే. నాలుగింటిలో ఒకటి అటూ ఇటూ అయితే 25 శాతం తేడా వచ్చేస్తుంది. అదే ఐదు నిమిషాలు కూర్చుంటే 20 సార్లు వస్తుంది, ఒకటి తప్పినా తేడా 5 శాతమే. చిన్న లోడుకు ఎక్కువసేపు లెక్కపెట్టాలన్నది మాటగా చెప్పేకంటే రెండు రకాలుగానూ చేయించి చూపించండి, వాళ్లకే అర్థమవుతుంది.

మధ్యలో నీళ్ల మోటారో, ఆర్వో ప్లాంటో ఆన్ అయితే ఆ కొలత పనికిరాదు. కాబట్టి అన్నీ ఆపాక రెండు నిమిషాలు ఖాళీగా గమనించండి. అప్పుడూ లైటు వెలుగుతుంటే ఎక్కడో ఏదో నడుస్తోందనే అర్థం. రౌటరు, స్టాండ్‌బైలో వదిలేసిన డిజిటల్ బోర్డు, ఆఫీసులో కంప్యూటర్ యూపీఎస్, ఇవి వెతకండి. సాయంత్రం బడి మూసేటప్పుడు ఒకసారి, పొద్దున తెరిచేటప్పుడు ఒకసారి రీడింగ్ తీస్తే రాత్రంతా ఊరికే పోయే యూనిట్లు కూడా బయటపడతాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు వాల్వు పాడై మోటారు పదే పదే ఆడుతున్నా ఇలాగే దొరుకుతుంది.

క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తెచ్చి ఆంపియర్లను 230తో గుణించేస్తే చాలని కొందరు చెబుతారు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లకు అలా చేయకండి, పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా ఖర్చయ్యే వంతు) తక్కువ కాబట్టి అసలుకంటే చాలా ఎక్కువ వస్తుంది.

జవాబు – ఎలక్ట్రీషియన్, తిరుపతి

మేడమ్, పిల్లలు స్విచ్‌లు వేయడం, ఆపడం, లెక్క రాయడం వరకే. నిచ్చెన ఎక్కడం, స్విచ్ బోర్డు విప్పడం, హోల్డరు ముట్టుకోవడం ఏ తరగతి పిల్లలకీ వద్దు. ఫ్యాను రెక్కల మీది దుమ్ము కూడా పెద్దవాళ్లే మెయిన్ ఆపి తుడవాలి.

పాత 36 వాట్ల ట్యూబ్‌కు రాగి చోక్ ఉంటే చోక్‌తో కలిపి దాదాపు 50 వాట్లు లాగుతుంది. ఎల్‌ఈడీ ట్యూబ్ 18 నుంచి 20 వాట్లు. మార్చేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, పాత ఫిట్టింగ్‌లో చోక్ అలాగే వదిలేసి ట్యూబ్ ఒక్కటే మార్చడం. చోక్ లైన్‌లో ఉన్నంతవరకు కొంత కరెంటు తింటూనే ఉంటుంది, కొన్ని ట్యూబ్‌లు మినుకు మినుకుమంటాయి, కొన్ని త్వరగా పోతాయి. చోక్, స్టార్టర్ రెండూ తీసేయాలి. కొన్ని ఎల్‌ఈడీ ట్యూబ్‌లకు ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే చివర, కొన్నింటికి రెండు చివరలా ఇవ్వాలి. ట్యూబ్ మీదే బొమ్మ ఉంటుంది. అది చూడకుండా కలిపితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఇక ఫ్యాన్లు. మామూలు ఫ్యాను ఫుల్ స్పీడులో 70–80 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉన్నది) 28–35 వాట్లు. అయితే అన్నీ ఒకేసారి మార్చమని చెప్పను. ముందు ఇప్పుడున్న ఫ్యాన్లకు కెపాసిటర్ చూపించండి. మా వాళ్లు కండెన్సర్ అంటారు, మామూలుగా 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది. అది బలహీనపడితే ఫ్యాను నెమ్మదిస్తుంది. గాలి చాలక ఒకటి చాలిన చోట రెండు ఫ్యాన్లు ఐదు మీద పెట్టి తిప్పుతారు. కొత్తది చాలా తక్కువ ధరకే వస్తుంది.

గోడ మీద పెద్ద పెట్టెలాంటి పాత రెగ్యులేటర్లు ఉంటే గమనించండి. స్పీడు రెండు మీద పెట్టినా కరెంటు పెద్దగా తగ్గదు, మిగిలింది ఆ పెట్టెలోనే వేడి అయిపోతుంది. లెక్చరర్ సారు చెప్పిన పద్ధతిలో ఐదు మీద ఒకసారి, రెండు మీద ఒకసారి కొలిపిస్తే పిల్లలే కనిపెడతారు. వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేయాలి.

బీఎల్‌డీసీ వేస్తే పాత రెగ్యులేటర్‌ను బైపాస్ చేసి నేరుగా లైన్ ఇవ్వాలి, లేదంటే లోపలి సర్క్యూట్ పోతుంది. ఇంకొక సంగతి, ఒకే మోడల్ ఫ్యాన్లు నాలుగు ఒక గదిలో ఉంటే ఒక్క రిమోట్ నొక్కితే అన్నీ స్పందిస్తాయి. పైగా రిమోట్ బడిలో నిలవదు. స్విచ్‌తోనే స్పీడు మారే మోడల్ అడిగి తీసుకోండి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి, లేబుల్ మీద వాట్లు చదివే కొనండి.

మళ్లీ – ఫిజిక్స్ లెక్చరర్, చిత్తూరు

మీ గది లెక్క వేసి చూపిస్తాను, కొలతలు వచ్చాక అంకెలు మార్చుకోండి. ఫ్యాన్లు 4 × 75 = 300 వాట్లు, లైట్లు 4 × 50 = 200 వాట్లు, మొత్తం 500 వాట్లు. రోజుకు 6 గంటలు, 220 పనిదినాలు అనుకుంటే 1320 గంటలు, అంటే 660 యూనిట్లు. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఇటీవలి లెక్కల్లో మన దేశపు గ్రిడ్‌కు యూనిట్‌కు 0.71 నుంచి 0.73 కిలోల కార్బన్ డయాక్సైడ్ చూపిస్తోంది. 0.72 తీసుకుంటే ఒక్క గది ఏడాదికి 475 కిలోలు.

ప్రార్థన, ఆటల పీరియడ్, ల్యాబ్, మధ్యాహ్న భోజనం అన్నీ కలిపి రోజుకు గంటన్నర గది ఖాళీగా ఉంటుందనుకోండి. అప్పుడు అన్నీ ఆపితే 0.5 × 1.5 × 220 = 165 యూనిట్లు మిగులుతాయి. ఇందుకు రూపాయి ఖర్చు లేదు. అందుకే మొదటి పని ఇదే.

ఇక దయచేసి ఇది జాగ్రత్తగా చూడండి, పోటీలకు వచ్చే ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే తప్పు. ఎల్‌ఈడీ వల్ల 120 వాట్లు (ఒక్కో లైటు 50 నుంచి 20కి) × 1320 గంటలు = 158 యూనిట్లు, బీఎల్‌డీసీ వల్ల 180 వాట్లు (ఒక్కో ఫ్యాను 75 నుంచి 30కి) × 1320 = 238, ఖాళీ గంటల్లో ఆపడం వల్ల 165, మొత్తం 561 యూనిట్లు మిగిల్చామని రాస్తారు. ఆపేసిన గంటల్లో కొత్త ఫ్యాను కూడా ఆగే ఉంటుంది కదా, అక్కడ అది మిగిల్చేది ఏమీ లేదు. సరైన లెక్క: అన్నీ మార్చాక గది 200 వాట్లు, నడిచేది రోజుకు 4.5 గంటలు, ఏడాదికి 198 యూనిట్లు. 660లోంచి 198 తీస్తే మిగులు 462. అంటే 99 యూనిట్లు రెండుసార్లు లెక్కపెట్టారు. మిగిలింది దాదాపు 333 కిలోలు. అదే రాయండి, పిల్లల శ్రమకు అది చాలా గొప్ప ఫలితం.

జవాబు – రిటైర్డ్ హెడ్‌మాస్టర్, చిత్తూరు

కరెంటు బిల్లులు పోల్చేటప్పుడు నెలలు చూసుకోవాలమ్మా. ఫిబ్రవరి బిల్లు పక్కన ఏప్రిల్ బిల్లు పెట్టి తగ్గిందనకూడదు. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు వస్తాయి, గంటలే తగ్గిపోతాయి. దసరా, సంక్రాంతి సెలవుల నెలలూ అంతే. యూనిట్లను ఆ నెలలో బడి నడిచిన గంటలతో భాగించి, పోయిన ఏడాది అదే నెలతో పోల్చండి.

డ్యూటీ వేసిన పిలకాయలు మొదటి రెండు వారాలు శ్రద్ధగా చేస్తారు, తర్వాత మరిచిపోతారు. స్విచ్‌ల మీద నంబర్లు లేకపోవడం ఒక కారణం. ఏ స్విచ్ ఏ ఫ్యానుదో తెలియక అన్నీ నొక్కుతారు. స్విచ్ పక్కన 1, 2, 3 అని స్టిక్కరు, అదే నంబరు ఫ్యాను కింద గోడ మీద. కిటికీ వరస లైట్లకు వేరే రంగు పెట్టండి, పగలు అవి అక్కర్లేదు. తలుపుకు ఒక కాగితం అంటించి, చెప్పకుండా వచ్చిన వేరే తరగతి వాళ్లు ఖాళీ గదిలో తిరుగుతున్న ఫ్యాన్లు ఎన్నో రాసి పోవాలి. ఆ అంకె వారం వారం తగ్గుతుంటే పని సాగుతున్నట్టే.

మళ్లీ – సైన్స్ టీచర్, తిరుపతి

చాలా ఉపయోగపడింది సార్. పై అంతస్తు రెండు గదుల్లో మార్చి నుంచి మిద్దె వేడికి ఫ్యాన్లు ఆపమంటే ఎవరూ వినరు. సున్నం కొట్టిస్తే లెక్కలోకి తీసుకోవచ్చా? బదులుగా మొక్కలు నాటమని ఇంకొందరు అంటున్నారు.

జవాబు – సివిల్ ఇంజినీర్, తిరుపతి

సున్నం తప్పకుండా కొట్టించండి మేడమ్, ఫలితం పై అంతస్తుకే ఉంటుంది. ముందు మిద్దె మీది పగుళ్లు పూడ్చి, నాచు వైర్ బ్రష్‌తో గీకి, ఊడ్చి తడపాలి. కిలో రాతి సున్నానికి 5 లీటర్ల నీళ్లు, 24 గంటలు నాననిచ్చి గుడ్డలో వడపోయాలి. ప్రతి 10 లీటర్లకు 40 గ్రాముల బంక వేడినీళ్లలో కరిగించి కలపాలి. బంక లేకపోతే చేతికి అంటి పొడిపొడిగా రాలిపోతుంది. ఒక పూత ఆరాక ఇంకొకటి, మూడు పూతలు. ఎండ తగ్గాక సాయంత్రం వేయండి. సున్నం విరిచేటప్పుడు బుసబుసా పొంగుతుంది, కంట్లో పడితే చాలా ప్రమాదం, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. మనకు అక్టోబరు, నవంబరు వానలు ఎక్కువ. అప్పుడు వేస్తే కడిగేస్తుంది, ఫిబ్రవరిలో వేయించండి.

కార్బన్ లెక్కలో మాత్రం సున్నం పేరుతో ఏమీ రాయకండి. గది చల్లబడడం వేరు, యూనిట్లు తగ్గడం వేరు. చల్లబడ్డాక నిజంగా ఫ్యాను ఐదు నుంచి మూడుకు వస్తే మీటరే చెబుతుంది. మిద్దె మీద పగలు రెండింటికి సున్నం వేసిన చోట, వేయని చోట థర్మామీటర్‌తో కొలిచి ఆ తేడా వేరే పట్టికలో చూపించండి.

మొక్కలు వద్దనను. పడమటి గోడ వైపు వేప, కానుగ పెడితే పెరిగాక గోడకు ఎండ తగలదు. కానీ తొలి రెండు మూడేళ్లు మొక్క పట్టుకునే కార్బన్ చాలా తక్కువ, ఈ ఏడాది ప్రాజెక్టుకు అది ఫలితం కాదు.

జవాబు – ఎలక్ట్రీషియన్, తిరుపతి

ఒక మాట మరిచాను. తీసేసిన పాత ట్యూబ్‌లలో పాదరసం ఉంటుంది. చెత్తకుండీలో వేయొద్దు, పగలగొట్టొద్దు. కొత్తవి వచ్చిన అట్టపెట్టెల్లోనే నిలబెట్టి తాళం వేసిన గదిలో ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. ఒకటి పగిలితే పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, పావుగంట ఆగాక ముక్కల్ని అట్టముక్కతో ఎత్తి, పొడిని తడి కాగితంతో తుడిచి, మూత ఉన్న డబ్బాలో వేయండి. చీపురుతో మాత్రం ఊడవకండి, పొడి గదంతా లేస్తుంది.