ఉత్తరపు వెలుగు పడే హాలుకు ఎలాంటి బూడిద రంగు నప్పుతుంది?

ప్రశ్న – ఉత్తరపు బాల్కనీ

నమస్కారం. హైదరాబాదులో మేము కొనుక్కున్న ఫ్లాటుకు వచ్చే నెలలో రంగులు వేయించబోతున్నాము. హాలుకూ, దానికి ఆనుకొని ఉన్న భోజనాల గదికీ ఉత్తరం వైపు బాల్కనీ నుంచి తప్ప వెలుగు రాదు. నేలకు ఐవరీ రంగు టైల్స్ పరిచి ఉన్నాయి, గుమ్మాలూ తలుపులూ పాలిష్ చేసిన టేకువి, వీటిని మార్చే ఉద్దేశం లేదు. గోడలకు బూడిద రంగు వేయించాలని మా దంపతులిద్దరికీ ఎంతో కోరికగా ఉన్నది. అయితే దుకాణంలో షేడ్ కార్డు మీద చక్కటి లేత బూడిదగా కనిపించిన రంగును నమూనాగా గోడ మీద వేయిస్తే, పగలు నీలంగానూ రాత్రి ట్యూబులైటు కింద ఇంకా నీలంగానూ కనిపిస్తున్నది. మా అత్తగారు దాన్ని చూసి, సిమెంటు పూత పూసి రంగు వేయకుండా వదిలేసిన ఇల్లులా ఉందని, గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు ఇల్లు ఇంకా పూర్తి కాలేదా అని అడుగుతారని బాధపడుతున్నారు. ఆ గోడను చూస్తే నాకూ అలాగే తోస్తున్నది కాబట్టి ఆవిడ మాటను కాదనలేకపోతున్నాను. ఆవిడకూ మాకూ నచ్చే బూడిద రంగును ఎలా ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు – వెలుగు నీడ

ఇళ్ల లోపలి అలంకరణ నా వృత్తి. దుకాణంలోని యంత్రం తెల్లటి బేసులో నలుపుతో పాటు పసుపు ఆక్సైడు, ఎరుపు ఆక్సైడు, నీలం వంటి వాటిని చుక్కల లెక్కన కలిపి బూడిద రంగులను తయారుచేస్తుంది. నలుపు పాలే ఎక్కువగా ఉన్న లేత షేడ్ గోడ మీదకు వచ్చేసరికి నీలానికి మొగ్గుతుంది. ఉత్తరం నుంచి వచ్చేది ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా పడే ఎండ కాదు, ఆకాశపు వెలుగు. అది సహజంగానే కొంత నీలంగా ఉంటుంది. హైదరాబాదులో సుమారుగా మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి, ఆ రోజుల్లో చూసిన నమూనాను బట్టి ఏడాదంతటికీ నిర్ణయం తీసుకోకూడదు.

మీ టేకు తలుపుల ప్రభావాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పారిస్‌లోని గోబ్లాఁ నేత కర్మాగారంలో అద్దకం విభాగాన్ని చూసుకున్న రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్, పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాని రూపును మరొకటి ఎలా మారుస్తాయో 1839లోనే వివరించారు. నారింజ ఛాయ ఉన్న టేకు పక్కన తటస్థమైన బూడిద రంగు నీలంగా కనిపించడానికి కారణం అదే. అందుచేత మీరు పసుపు ఆక్సైడు పాలు ఎక్కువగా ఉన్న, కొంచెం గోధుమ వైపు వాలిన బూడిదను ఎంచుకోండి. రంగు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో చెప్పే ఎల్‌ఆర్‌వీ అనే అంకెను కంపెనీలు ఇస్తాయి. నలుపుకు 0, తెలుపుకు 100గా లెక్కించే ఆ కొలతలో, ఒక్క వైపు నుంచే వెలుగు వచ్చే మీ హాలుకు 60కి తగ్గని షేడ్ మంచిదని నా అభిప్రాయం. రంగు మార్చే ముందు దీపం మార్చి చూడండి. నీలం ఛాయ వెలుగునిచ్చే 6500 కెల్విన్ ట్యూబు స్థానంలో పసుపు ఛాయ వెచ్చని వెలుగునిచ్చే 3000 కెల్విన్ ఎల్‌ఈడీ పెడితే, రాత్రివేళ ఆ నీలం చాలావరకు తగ్గుతుంది.

జవాబు – పుట్టీ పట్టు

పై సలహాతో ఏకీభవిస్తూ, పని చేయించే మనిషిగా కొన్ని మాటలు చేర్చుతున్నాను. నమూనాను గోడ మీద కాకుండా రెండడుగుల చదరపు బోర్డు మీద, ప్రైమర్ కొట్టి రెండు కోట్లు వేయించి, దాన్ని గది నాలుగు వైపులా తిప్పుతూ ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. మీ బాల్కనీ వెలుగు గోడ మీదుగా ఏటవాలుగా పోతుంది కనుక పుట్టీలోని ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి. రంగు వేయకముందే రాత్రిపూట గోడకు ఆనించి దీపం పట్టి చూసి, మళ్లీ ఉప్పు కాగితం పట్టించాలి. మెరుపు ఎక్కువైతే ఆ లోపాలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, పూర్తి మ్యాట్ వేస్తే ముదురు బూడిద మీద గోరు గీసినా తెల్లగా తేలుతుంది. కొన్న డబ్బాలన్నిటినీ పెద్ద బకెట్‌లో కలిపి వాడమనండి, ఎందుకంటే ఒకే నంబరు షేడ్ అయినా డబ్బాకూ డబ్బాకూ స్వల్పంగా తేడా రావచ్చు.

జవాబు – మగ్గం గుంట

నేను కొంత భిన్నంగా చెబుతాను. మీ అత్తగారికి బాధ కలిగిస్తున్నది బూడిద రంగు కాదని, నాలుగు గోడల మీదా అదే ఉండటమని అనుకుంటున్నాను. గోడలను నేలకు దగ్గరగా ఉండే వెచ్చని తెలుపులో ఉంచి, బూడిదను వస్తువుల్లోకి తీసుకురండి. మన దగ్గర తాండూరు బండకు ఉన్న నీలి బూడిద ఛాయను ఏ డబ్బా రంగూ ఇవ్వలేదు. బాల్కనీ అరుగుకో, టీవీ కింద పలకకో పాలిష్ చేయని తాండూరు బండ వేయించవచ్చు. అది సున్నపురాయి గనుక నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ మిగులుతుంది, అందువల్ల భోజనాల బల్ల దగ్గర మాత్రం వద్దు. సోఫాకు ముదురు బూడిద గుడ్డ వేయించి, దాని మీద ఎరుపు, ఆవ పసుపు ఉన్న పోచంపల్లి ఇక్కత్ దిండ్లు పెడితే, ఆ నేత పనితనం బూడిద మీద స్పష్టంగా తేలుతుంది.

తిరిగి – ఉత్తరపు బాల్కనీ

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వెచ్చని దీపం పెట్టి చూశాము. నీలం బాగా తగ్గింది, మా అత్తగారు కూడా ఒప్పుకున్నారు. సోఫా వెనుక గోడకు మాత్రమే గోధుమ వైపు వాలిన బూడిద వేయించి, తక్కిన గోడలను వెచ్చని తెలుపుకు వదలాలని అనుకుంటున్నాము. అదే గోడ చివర పూజకు చిన్న గూడు ఉన్నది. దానికీ బూడిద కొనసాగించవచ్చా?

జవాబు – పుట్టీ పట్టు

గూటికి వద్దండి. పసుపు, కుంకుమ, దీపపు మసి తగిలే చోటు కాబట్టి అక్కడ తడిగుడ్డతో తుడవడానికి వీలైన శాటిన్ పెయింటును మీ తెలుపులోనే వేయించి, వెనుక పలకకు రాయి గానీ టైల్ గానీ పెట్టించండి. బూడిద గూటి అంచు దగ్గరే ఆగాలి. ఆ గీత వంకర పోకుండా రంగు వేసేవారితో మాస్కింగ్ టేపు తప్పనిసరిగా వాడించండి.