గడియారానికి ‘కీ ఇవ్వడం’: తాళంచెవి ఎందుకు కాలేదు?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పాత ఆఫీసు గడియారాలు, ఫ్యాక్టరీ గడియారాలు సేకరిస్తుంటాను. ఈ పనిలో రోజూ నోట్లో నానే మాట ఒకటుంది, దాని మీద చర్చ పెడుతున్నాను.

మా వైపు తలుపుకు వేసేది బీగం. ఇంకొన్ని ఊళ్లలో తాళం, దాన్ని తీసేది తాళంచెవి. గోడ గడియారం దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ‘కీ ఇచ్చారా?’ అనే అడుగుతారు. తాళంచెవి ఇచ్చానని అన్నవాళ్లను నేను చూడలేదు. చేసేది తిప్పడమే అయినా ‘ఇచ్చాం’ అంటాం. తమిళంలోనూ ‘సావి కొడు’ అనే అంటారు, అక్కడా ఇవ్వడమే. నాకీ క్రియ చాలా ఇష్టం. ఐదు నిమిషాలు మన చేయి పెట్టిన బలాన్ని స్ప్రింగు దాచుకుని వారమంతా కొంచెం కొంచెంగా ఖర్చుపెడుతుంది. ఇచ్చామనడమే న్యాయం.

గంటలు కొట్టని ఆఫీసు గడియారం డయల్ మీద కీ పెట్టే రంధ్రం ఒకటే ఉంటుంది. కొట్టేదానికి రెండు. సాధారణంగా కుడివైపుది నడకకు, ఎడమవైపుది గంటలకు. ఎడమదానికి కీ ఇవ్వడం మరిచిపోతే ముళ్లు తిరుగుతూనే ఉంటాయి, గంట మాత్రం మోగదు. వీటిలో చాలావరకు 8 రోజులు నడిచేవి. వారానికోసారి ఇస్తే చాలు, ఒకరోజు ఆలస్యమైనా ఆగదు.

కొనేవాళ్లకు ఒక మాట. ముందు ఆ రంధ్రం చుట్టూ చూడండి. ఏళ్ల తరబడి కీ జారి గీసిన సన్నటి గీతలు అక్కడ ఉంటాయి. డయల్ బాగా పాతబడినట్టు కనిపిస్తూ రంధ్రం చుట్టూ మాత్రం నున్నగా ఉంటే, మళ్లీ రంగు వేశారేమోనని అనుమానించాలి. లోపలి నలుచదరపు కడ్డీకి సరిపడని కీ వాడితే దాని అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ కీ పెట్టినా జారుతుంది.

*

ఒంగోలు నుంచి: బాగా రాశారన్నా. మనుషులకూ కీ ఇస్తాం కదా! ‘వాడంతట వాడు మాట్లాడట్లేదు, వెనక ఎవరో కీ ఇచ్చారు’ అంటాం. అది గడియారం నుంచి వచ్చిందా, బొమ్మల నుంచి వచ్చిందా? ఇంకో సందేహం, ఫ్యాక్టరీల్లో హాజరు గడియారాలకూ కీ ఇచ్చేవాళ్లా?

*

తమ్ముడూ, ‘కీ ఇచ్చిన బొమ్మలా’ అని కూడా అంటాం కాబట్టి బొమ్మల నుంచేనని నా అభిప్రాయం. గడియారం తిట్టు మాటల్లోకి అంతగా రాలేదు.

రెండో ప్రశ్న ఇంకా బాగుంది. అమెరికాలో విల్లర్డ్ బండీ చేసిన హాజరు గడియారంలో కీ ఒక్కో కార్మికుడి చేతిలోనే ఉండేది. దాని మీద అతని నంబరు. గడియారంలో పెట్టి తిప్పితే లోపలి కాగితం మీద నంబరు, టైము పడేవి. ఆ కీ మనిషి ఉనికికి గుర్తు. 1894లో డేనియల్ కూపర్ కార్డు పద్ధతి తెచ్చాడు, మనం ‘కార్డు పంచ్ కొట్టడం’ అనేది ఆ దారిలోదే. ఈ గడియారాల కంపెనీలు 1900లో ఒకటయ్యాయి. 1911లో ఇంకో పెద్ద సంస్థలో కలిశాయి. 1924లో దానికి పెట్టిన పేరే ఐబీఎం.

పెద్ద ఆఫీసుల్లో, మిల్లుల్లో ఇంకో రకం ఉండేది. ఒకే పెద్ద గడియారం తీగల మీదుగా కరెంటు పంపితే గదిగదిలోని చిన్నవాటి ముళ్లు అరనిమిషానికోసారి ఒక్క అడుగు దూకేవి. ఇంగ్లండులో సింక్రొనోమ్, జెంట్స్ కంపెనీలు ఇలాంటివి చేశాయి. ఆ చిన్నవాటికి రంధ్రమే ఉండదు. పాత సామాన్ల దుకాణంలో కనిపిస్తే పాడైందనుకుని వదిలేయకండి.

దర్శి, కనిగిరి వైపు పాతవాళ్లు ‘చావి ఇవ్వడం’ అనేవాళ్లా? విన్నవాళ్లుంటే ఊరి పేరుతో సహా రాయండి.